నాలుగో తొట్టె మహిమ

మూడు తొట్టెలలో మృత్యుదేవత కాపురం పెట్టింది. నాలుగో తొట్టె గడప మాత్రం తొక్కలేదు.

అది ఆల్చిప్పల పిల్లలను పెంచే హేచరీ. ఆ రాజ్యపు ప్రజలు నలుసుకన్నా సూక్ష్మశరీరులు. బతికున్నంతకాలం నీళ్లలో కలిసిపోయి కంటికి ఆనరు. చచ్చిన తరువాతే తొట్టె అడుగున తెల్లని పొడిలా పేరుకుని తమ ఉనికిని లోకానికి చాటుకుంటారు. అందుచేత అక్కడ జనాభా లెక్క శవాలను బట్టే సాగేది. అడుగు తెల్లబడితే అరిష్టం. నల్లగా ఉంటే సర్వజన క్షేమం.

యజమాని పొద్దున్నే టార్చిలైటుతో తొట్టెల మీదికి వంగేవాడు. మొదటిది తెలుపు. రెండోది తెలుపు. మూడోది చూడకుండానే తెలుపు. బాక్టీరియా సేనలు దండెత్తి వచ్చాయి మరి. ఆయన గొట్టాలు కడిగించాడు. సముద్రపు నీటిని పదేపదే వడకట్టించాడు. చెప్పులను గుమ్మం బయటికి బహిష్కరించాడు. చివరికి పనివాళ్ల దగ్గును సైతం నిషేధించాడు. శత్రువు లొంగలేదు.

నాలుగో తొట్టెకు పాలకుడు ఆయన బావమరిది. తిండికి ముందు, పనికి వెనుక నడిచే మహానుభావుడు. ఇంట్లో అందరూ అతణ్ణి ‘తీరిక’ అని పిలిచేవారు. భార్య పోరు పడలేక యజమాని అతనికి ఆ తొట్టె అప్పగించాడు, ఒక షరతు మీద.

“ఇందులో పిల్లలు చచ్చాయో, నువ్వు పెట్టె సర్దుకోవలసిందే. మీ అక్క ఏడ్చినా వినను.”

“అలాగే బావా,” అన్నాడు తీరిక, ఆవులింత మధ్యలో.

ఆనాటినుంచి అతని జీవితమే మారిపోయింది. తొట్టె పక్కన కుర్చీ వేసుకున్నాడు. భోజనం అక్కడే, కునుకూ అక్కడే. మేత డబ్బా మరొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. “ఆ రోగిష్టి తొట్టెల్లో ముంచిన చేతులు ఇటు తేకండి,” అని తోటివాళ్లను తరిమేవాడు.

“మేత వేసింది వేసినట్టే తినేస్తున్నాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి,” అని యజమాని మురిసిపోయాడు.

చివరికి రోగనిపుణుణ్ణి పిలిపించారు. ఆయన మూడు తొట్టెల నీళ్లూ పరీక్షించి పెదవి విరిచాడు. నాలుగోదాని నీళ్లు పరీక్షించి కనుబొమలెత్తాడు. రోగక్రిమి జాడే లేదు.

“ఇంత శుభ్రమైన తొట్టెను నా సర్వీసులో చూడలేదు. ఏం చేస్తున్నావయ్యా?”

“ఏమీ చేయడం లేదండి.”

“ఎంత వినయం,” అన్నాడు నిపుణుడు, యజమాని వైపు తిరిగి.

“వాడు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.”

“ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి పిల్లల్ని కూడా చూసేద్దామా?”

తీరిక తొట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. “వద్దండి. కొత్తవాళ్లు కదిపితే బెదురుతాయి.”

యజమాని కళ్లు చెమర్చాయి. “వద్దులెండి. కన్నతల్లి కూడా ఇంతగా కాచుకోదు.”

ఆ సాయంత్రమే పట్టాభిషేకం జరిగింది. పనివాళ్లందరినీ తొట్టెల ముందు నిలబెట్టి యజమాని ప్రసంగించాడు.

“మనం కడిగి కడిగి చంపుకున్నాం. వీడు కాళ్లు చాపుకుని బతికించాడు. ఇకమీదట హేచరీ అంతటికీ వీడే పెద్ద. అందరూ వీడి పద్ధతే పాటించాలి. పొద్దున్నే పెంపకందార్లు వస్తున్నారు. నాలుగో తొట్టె పిల్లలన్నీ వాళ్లకిస్తానని మాటిచ్చాను. మన పరువంతా ఆ తొట్టెలోనే ఉంది.”

పనివాళ్లు చప్పట్లు కొట్టారు. ముందుచూపు గల ఒకరిద్దరు అప్పుడే కుర్చీలు వెతుక్కున్నారు.

అక్క కొంగుతో కళ్లొత్తుకుంటూ తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లింది.

“పుట్టింటి పరువు నిలబెట్టావురా. మీ బావ నోట నీ గురించి ఒక మంచిమాట వినడానికి ఇన్నేళ్లు పట్టింది. నాకైనా చెప్పు, అసలేం చేశావు?”

తీరిక తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

“అక్కా, మొదటిరోజు నాలుగో తొట్టెలో పొయ్యమని బావ ఇచ్చిన పిల్లల బకెట్టు ఇంకా మెట్ల కిందే ఉంది.”