గోలీ మీద చాయ్

“ఏందక్కా గిది! నెల రోజుల్ల రక్తం పెరగాలె గాని, ఉన్నది దిగుతదా?”

కోరుట్ల బస్టాండు పక్క సందులో రక్తపరీక్షల ల్యాబ్ నడిపే ప్రేమలత, రిపోర్టు కాగితం బల్ల మీద పెట్టి ఊర్మిలను నిలదీసింది. ఊర్మిల తల వంచుకుంది. పక్కన నిలబడ్డ ఆమె మొగుడు ఓదెలుకు మాత్రం ఫ్యాను కిందే చెమటలు పట్టాయి.

“పోయిన నెల ఎనిమిదుండె. ఇయ్యాల ఏడున్నర. గిట్లనే పట్నం పోయి గల్ఫ్ మెడికల్ చేపిచ్చుకుంటె అన్‌ఫిట్ అని ముద్ర గుద్ది పంపిస్తరు. మళ్ల ఆ ముద్ర పోవుడు కష్టం.”

అందుకే కదా, గల్ఫ్ పోయేవాళ్లు అసలు మెడికల్‌కు ముందు ఇలా బయట ఒకసారి చూపించుకునేది! ఊర్మిల అన్న మహేందర్ కువైట్‌లో ఓ ఇంట్లో వంటపని చూసి చెల్లెలికి వీసా మాట్లాడాడు. రక్తం సంగతి ఇవాళ తేలకపోతే వీసా ఇంకొకరికి పోతుందని పొద్దుటి నుంచి ఫోన్ మీద ఫోన్ కొడుతున్నాడు. తాటిచెట్టు మీంచి పడి కాలు విరిగాక ఓదెలు మళ్లీ చెట్టెక్కే మోకు ముట్టలేదు. ఊర్మిల చేసే బీడీలతోనే ఇల్లు నడవాలి. అలాంటివాడు పెళ్లాన్ని పట్టుకుని ‘పోకే’ అని ఏ మొహంతో అంటాడు? అనలేకపోయాడు. అనలేక ఆ మహానుభావుడు ఏం చేశాడయ్యా అంటే, చాయ్ పెట్టడం మొదలుపెట్టాడు.

మొదటిసారి వచ్చినప్పుడు ఊర్మిల లోపల రక్తం ఇస్తుంటే ప్రేమలత ఓదెలుతో ఒక మాటంది. “అన్నా, రక్తం పెరిగే గోలీ ఏసుకున్నంక అక్కను చాయ్ తాగనియ్యకు. తాగిందంటె గోలీల ఉన్న ఇనుము ఒంటికి పట్టదు.” ఓదెలు ఆ మాటను కొంగున కట్టుకున్నట్టే కట్టుకున్నాడు. జన్మలో పొయ్యి ముట్టించని మనిషి మర్నాటి నుంచి తెల్లారకముందే లేచేవాడు. తన చేత్తో గోలీ తీసి పెళ్లాం అరచేతిలో పెట్టేవాడు. ఆమె గోడవైపు తిరిగి నోట్లో వేసుకుని, నీళ్లు గుటకేసి, కొంగుతో మూతి తుడుచుకునేది. అంతే, గ్లాసెడు చిక్కటి చాయ్ ముందుకొచ్చేది. వాడకట్టు ఆడవాళ్లంతా మొగుడంటే ఓదెలు అని ముక్కున వేలేసుకున్నారు. దొంగ చాకిరీ అని వాళ్లకేం తెలుసు!

“గోలీలు తెచ్చుకున్నరా అసలు?” ప్రేమలత వదిలేలా లేదు.

“రోజు నేనే చేతుల పెడ్తున్న గద చెల్లె” అన్నాడు ఓదెలు.

“మరి మీదికెల్లి చాయ్ గిట్ల తాగుతుందా ఏంది?”

ఓదెలు వెంటనే, “చాయా? గా అలవాటే లేదు మా ఇంట్ల” అనేశాడు.

ఊర్మిల తలెత్తి మొగుణ్ని ఒక్క చూపు చూసింది. రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఓదెలు కుంటుకుంటూ వెనకే పరుగు తీశాడు.

బస్టాండులో మెట్‌పల్లి బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చున్నారో లేదో ఫోన్ మోగింది.

“ఏమాయెనే?” మహేందర్ గొంతు ఇద్దరికీ వినిపించింది.

“అయ్యేటట్టు లేదన్నా. రక్తం ఇంక దిగిందట.”

“అయ్యో నీ పాడుగాను! గింత మంచి వీసా మళ్ల దొరుకుతదా? సరె తియ్యి, ఇంకొకలకు ఇచ్చేస్తరు ఇగ.”

ఫోన్ పెట్టేసి ఊర్మిల కొంగు ముడిని వేళ్లతో నలుపుతూ నేల చూపులు చూస్తోంది. ఓదెలు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. లేచాడు, నాలుగడుగులు పోయాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇక దాచుకోవడం ఆ మనిషి వల్ల కాలేదు.

“ఊర్మిలా, నన్ను చెప్పుతోని కొట్టు. నీ కడుపు నేనే కొట్టిన. చాయ్ తాగితె గోలీ పని చెయ్యదని గామె నాకు ముందుగాలనే చెప్పింది. తెలిసే పోసిన. రోజు పోసిన. పోకు అందామంటె సంపాయించెటోన్ని కాదాయె. నువ్వు లేక నేను ఉండలేనే...”

ఊర్మిల మొగుడి మొహంలోకి చూసింది. ఒక్కసారిగా ఫక్కున నవ్వింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. నవ్వుతుంటేనే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నాకు పోబుద్ధయితుందని నీకెవలు చెప్పిన్రయ్యా? పోనంటె నువ్వు గా కాలుతోనె మళ్ల చెట్టెక్కుతవని భయపడి నోరు మూసుకున్న” అంది. అంటూనే కొంగు ముడి విప్పి, అతని అరచేయి లాగి అందులో దులిపింది. నీటికి రంగు వెలిసిన ఎర్ర గోలీలు, గుప్పెడు!

“ఓ పిచ్చి మనిషీ! నీ చాయ్ గోలీని చెడగొట్టాలంటె, ముందుగాల నేను గోలీ మింగాలె గదనయ్యా!”