మేకలు మీవి

లినక్సు యంత్రాల్లో ఉచిత ఆటలు వెతుక్కోవడం మరీ సులువైపోయిన రోజులవి. పేరు పలికితే చాలు, ఆట దానంతటదే దిగిపోయేది. చీరాలలో ఖాజావలి మాంసం కొట్టు కాటాలో కూడా లినక్సే.

ఆ ఆదివారం పేరమ్మ మొద్దు మీది ముక్కను వేలితో నొక్కి చూసి, "ఇది మేకా, పులా అబ్బాయ్? ఇంత గట్టిగా ఉందేంటి!" అంది.

"మేకా-పులి ఆట దింపాను," అంది కాటా. "పులులు నావి, మేకలు మీవి. మీరు గెలిచాకే తూకం."

ఖాజావలి కాటా ఆపేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మధ్యలో ఆపేస్తే తూనికల అధికారులు వేసిన ముద్ర చెరిగిపోతుంది, కొట్టు మూసుకోవాల్సిందే. పేరమ్మ ఇంట్లో చూస్తే పన్నెండింటికి కొత్త అల్లుడి భోజనం.

"నన్ను చూస్తావేం? ఆడు మరి!" అంది పేరమ్మ.

మొదటి ఆటలో పులులు మేకల్ని ఊడ్చిపారేశాయి. కాటా మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ మూల పెట్టకు నాయనా, పులి దూకుద్ది!"

"నువ్వాగు పిన్నమ్మా, దాని వెనకాల ఇంకోటి పెడతన్నాగా!"

వరసలో ఉన్నవాళ్లంతా కాటా చుట్టూ మూగారు. పదకొండున్నరకి మూడు పులులూ కదల్లేక చిక్కుబడిపోయాయి.

"ఒక్క మేక కూడా చావలేదు పిన్నమ్మా!" కత్తి పైకెత్తి అరిచాడు ఖాజావలి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో కొక్కేనికి వేలాడుతున్నది కనబడి, కత్తి మెల్లగా దించాడు.

"కాపాడింది చాల్లే నాయనా," అంది పేరమ్మ సంచీ చాపుతూ. "రెండు కిలోలు కొట్టు. ఎముక తగ్గించి."