ఎర్రగీత కంచం

రింకికి పసుపుగీత కంచం వద్దు. ఎర్రగీత కంచం కావాలి.

ఒడిశాలో పురుషోత్తంపూర్ దాటాక ఉన్న ఊళ్లో తెలుగు బడి అది. గది ఒక్కటే. పిల్లలు ముప్పై ఇద్దరు. అందరికీ టీచరు ఒక్కతే, ఉమాదేవి.

ఆవిడ వచ్చాక ఆ గది రూపే మారిపోయింది. పాత శుభలేఖల వెనక అక్షరాలు రాయించి తీగకి కట్టించింది. చింతగింజలు వంద చొప్పున లెక్కపెట్టి డబ్బాల్లో పోసింది. సుద్దముక్కలకి ఒక సీసా, పొట్టి పెన్సిళ్లకి ఒక సీసా. ఏది ఎక్కడ తీస్తే అక్కడే పెట్టాలి.

అన్నిటికంటే గొప్ప సంగతి రంగులు. ఉమాదేవి మూడు చిన్న పెయింటు డబ్బాలు కొనుక్కొచ్చింది. పిల్లల కంచాలకీ, గ్లాసులకీ, సంచులు తగిలించే మేకులకీ, కూర్చునే గోనెపట్టాలకీ గీతలు గీసింది. ఎర్ర, నీలం, పసుపు. ఎర్రగీత వాళ్లు బోర్డు ముందు. నీలం వాళ్లు మధ్యన. పసుపు వాళ్లు గుమ్మం దగ్గర. నీళ్లకైనా అన్నానికైనా అదే వరస. తోపులాట లేదు. గోల లేదు.

రింకి మూడో తరగతి. కూర్చునేది గుమ్మం దగ్గర. అక్కణ్ణుంచి చూస్తే బోర్డు మీద ఎండ పడి సగం అక్షరాలు కనబడవు.

"ఏటే గుంటా, పసుపుగీత ఉంటే కంచంలంచి అన్నం కారిపోతాదేటి?" అంది తల్లి మంగమ్మ. ఊడ్పులకెళ్లొచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"కారదు గానీ, మా కాడికొచ్చేసరికి డాల్మాల పప్పుండదే అమ్మా. కూరముక్కా ఉండదు. నీళ్లే."

మంగమ్మ నవ్వింది. "అయితే బాగా సదివి ఎర్రగీతకి ఎల్లిపో."

రింకి ఆ మాట పట్టుకుంది. మర్నాడు టీచర్నే అడిగింది.

"టీచరమ్మా, నాకు ఎర్రగీత ఎప్పుడిత్తారు?"

"ముందు ఎక్కాలు నేర్చుకో. తర్వాత చూద్దాం."

పదిహేను రోజుల్లో రింకి పదహారో ఎక్కం దాకా అప్పజెప్పింది. గీత మారలేదు.

"మరి పవన్‌కి ఏడో ఎక్కమే రాదు కదా టీచరమ్మా. ఆడికి ఎర్రగీత ఎలగిచ్చేరు?"

"వాడు నీలాగ ఎదురు ప్రశ్నలెయ్యడు. నోరు మూసుకుని కూర్చుంటాడు."

పవన్ నిజంగానే నోరు మూసుకుని కూర్చుంటాడు. చాలాసార్లు నిద్రపోతాడు.

ఆ రోజు నుంచి రింకి నోరు మూసుకుంది. చేతులు కట్టుకుని కూర్చుంది. దోమ కుట్టినా కదల్లేదు. మాపటికి గౌను ఉతుక్కుని, తడి ఆరినా ఆరకపోయినా పొద్దున్నే అదే తొడుక్కుని వెళ్లింది. గోళ్లు రాయి మీద అరగదీసుకుంది. అలా నెల్లాళ్లు.

"ఇప్పుడిత్తారా టీచరమ్మా?"

"ఇంకా కాదు."

అంతలో బళ్లు తనిఖీ చేసే బ్లాకు ఆఫీసరు వచ్చాడు. వెంట సరళ అని ఒక కొత్త టీచరు. అస్కా దగ్గర బళ్లో ఈమధ్యే చేరింది. గది ఎలా సర్దుకోవాలో చూసి నేర్చుకోమని ఆఫీసరే తీసుకొచ్చాడు.

ఆఫీసరు గదంతా తిరిగి ఫోనుతో ఫొటోలు తీశాడు. రంగుల దగ్గర ఆగిపోయాడు.

"బాగా చదివేవాళ్లకి ఒకటి, మధ్యరకానికి ఒకటి, వెనకబడ్డవాళ్లకి ఒకటి. అంతేనా మేడమ్?" అని ఒడియాలో అడిగాడు.

ఉమాదేవి నవ్వింది.

ఆఫీసరు గుమ్మం దగ్గరున్న పిల్లని లేపి పద్నాలుగో ఎక్కం అడిగాడు. రింకి పద్నాలుగు దగ్గర ఆగలేదు. పదహారు దాకా చెప్పేసింది. పాఠం చదవమంటే పుస్తకం మూసేసి చదివింది.

"శభాష్! ఏం కావాలి నీకు?"

"ఎర్రగీత కంచం కావాలి సార్."

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. "ఇచ్చెయ్యండి మేడమ్. ఈ పిల్లకి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు?"

"అలాగే సార్" అంది ఉమాదేవి.

వచ్చే నెలనుంచి బ్లాకులో ప్రతి బళ్లోనూ ఈ రంగులుండాలని చెప్పి ఆఫీసరు జీపెక్కాడు. సరళ సాయంత్రం బస్సుకి వెళ్తానని ఉండిపోయింది.

అన్నం గంట కొట్టారు. రింకి పరుగున వెళ్లి ఎర్రగీత వరసలో నిలబడింది. పవన్ వెనకాల.

ఉమాదేవి కేకెయ్యలేదు. బెత్తం కొనతో రింకి భుజం తట్టింది. అదే కొనతో పసుపు వరస చివర చూపించింది.

"ఆపీసరుగారు ఇమ్మన్నారు కదా టీచరమ్మా."

"ఆఫీసరు రోజూ వచ్చి నీకు వడ్డిస్తాడా? పో, నీ చోటుకి పో."

ముందు వరసలో పిల్లలు నవ్వారు. అందరికంటే పవన్ గట్టిగా నవ్వాడు. రింకి వెళ్లి చివర నిలబడింది. దాని వంతు వచ్చేసరికి కంచంలో గరిటెడు నీళ్లు పడ్డాయి.

"ఇంకా ఎంత సదవాలి టీచరమ్మా?"

"చదువుతూ ఉండు. ఇస్తాను."

రింకి తలూపింది. అన్నం తింటూనే పదిహేడో ఎక్కం మొదలుపెట్టింది.

సరళ చూసినవన్నీ నోటుబుక్కులో రాసుకుంది. సీసాలు, డబ్బాలు, తీగ, మేకులు, రంగులు. పిల్లలు ఇళ్లకి వెళ్లాక ఒక్కటే సందేహం మిగిలింది.

"మేడమ్, నాకు ఒకటో తరగతి ఇచ్చారు. వాళ్లకి ఇంకా అక్షరమే రాదు. పరీక్ష పెట్టకుండా ఎవరికి ఏ రంగో ఎలా తెలుస్తుంది?"

"పరీక్షెందుకమ్మా? బళ్లో వేసిన రోజే తెలిసిపోతుంది" అని ఉమాదేవి అడ్మిషన్ రిజిస్టరు తెరిచి, పేరు దాటి, పుట్టిన తేదీ దాటి, కులం అని రాసున్న గడి మీద వేలు పెట్టింది.