అడుగు ప్లేటు

నారాయణగూడలోని మెకానిక్ ఈదయ్య షెడ్డులో కారు లిఫ్టు మీద గాలిలోకి లేచింది. మగవాళ్ళు ముగ్గురూ దాని కింద మెడలు వెనక్కి వంచి నిలబడ్డారు. దమయంతి స్టూలు మీద కూలబడింది. బయట ఎండ మండుతోంది. మోకాళ్ళు లాగుతున్నాయి.

"చూడు ఈదయ్యా," అన్నాడు ఆమె భర్త కిషన్ రావు. "లీటరుకు పదహారు ఇచ్చే బండి పదిహేను దాటుతలేదు. పెట్రోలు బండి తాగుతున్నదా, మనిషి తాగుతున్నడా?"

మనిషి అంటే డ్రైవర్ కురుమయ్య. పదకొండేళ్ళ నుంచి వాళ్ళ దగ్గరే ఉన్నాడు. అతను నేల చూశాడు.

ఈదయ్య టార్చి వేశాడు.

"కురుమన్నను ఊకె అనకున్రి సార్. అడుగు ప్లేటే లేదు. ఇంజిన్ కింద నున్నగ ఉంటేనే గాలి జారిపోతది. ఇప్పుడు సందులల్ల జొర్రి బండిని ఎనకకు గుంజుతున్నది. మీరు వారం వారం వరంగల్ పోతరు. ఆ స్పీడుల ఇంకింత గుంజుతది."

వేలితో గీకాడు. ఎర్రటి పొడి రాలింది.

"బురద నేరుగ కొట్టి తుప్పు గూడ షురువైంది."

"ఇనుప రేకా, ఈదయ్యా?" అడిగింది దమయంతి.

"కాదమ్మ, ప్లాస్టిక్‌ది. నల్లగ, కిటికి రెక్కంత ఉంటది. బోల్టులు ఊడి పడ్డదో, ఎవలన్న విప్పిన్రో."

దమయంతి స్టూలు మీంచి లేచి, కారు కిందికి తొంగి చూసింది.

"ఓహో!" కిషన్ రావు డ్రైవర్ వైపు తిరిగాడు. "పెట్రోలు కాదన్నమాట. ఏకంగ ప్లేటే అమ్ముకున్నవా? ఎవనికి, అశోక్‌నగర్ పాత సామాన్లోనికా?"

"నేను ముట్టలే సార్. ఉగాదికి వారం దినాలు ఊరికి పోయిన. వచ్చినంక కిందికి ఒంగి చూడలే. గదొక్కటే నా తప్పు."

"రేపటి నుంచి రాకు."

కారు చిక్కడపల్లిలోని ఇంటికి చేరింది. కురుమయ్య ఎప్పటిలాగే కారును నీడకు పెట్టి, తాళంచెవి మేకుకు తగిలించాడు. దమయంతి ఇచ్చిన మంచినీళ్ళు మెట్ల మీద కూర్చుని తాగాడు.

"యాభై దాటినోనికి ఇంక స్టీరింగు ఎవలిస్తరమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది. లోపలికి వెళ్ళి భర్తకు అన్నం వడ్డించింది.

కిషన్ రావు వడియం కొరికాడు. కోపం కాస్త దిగింది.

"ఈ యేడు వడియాలు మంచిగ కుదిరినయ్. ఎప్పుడూ ఆరబోసిన పాత చీర పోగులు పండ్లల్ల ఇరుకుతుండె. ఇప్పుడు ఒక్క పోగు లేదు."

దమయంతి గరిట కింద పెట్టింది. వాకిట్లోకి వచ్చి, "జర ఆగు కురుమయ్యా, పోకు" అంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ డాబా మీదికి బయలుదేరింది.

"ఎందుకు ఎక్కుతున్నవ్?" లోపలినుంచి అరిచాడు కిషన్ రావు. "ఆ దొంగోనికి మళ్ళ వడియాలు కట్టిస్తవా?"

ఆమె మెట్లు ఎక్కుతూనే ఉంది.

చాలాసేపటికి ఆయాసపడుతూ దిగివచ్చి, ఉగాదప్పుడు కారు కింద ఊడిపడి ఉంటే తను వడియాలకని డాబా మీదికి తెచ్చుకున్న కిటికీ రెక్కంత నల్ల ప్లాస్టిక్ పలకను ఆయన కంచం పక్కన గోడకు ఆనించింది; దాని బోల్టు రంధ్రాల చుట్టూ సగ్గుబియ్యం గంజి ఎండి ఇంకా అంటుకొనే ఉంది.