తెల్లారేసరికి

కీర్తి పోయిన రోజే రెడ్డెప్ప తలకు దెబ్బ తగిలింది.

2001, బడులు తెరిచే రోజులు. కూతురికి ఏడో తరగతి పుస్తకాలు కొని, మదనపల్లె నుంచి ఇద్దరూ స్కూటరు మీద పుంగనూరుకు తిరిగి వస్తున్నారు. మలుపులో, కల్వర్టు పక్కన పడి ఉండగా దారినపోయేవాళ్లు చూశారు. స్కూటరు చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. రోడ్డు మీద ఇంకో బండి లేదు.

రెడ్డెప్ప బతికాడు. ఆ రోజు మాత్రం అతనికి గుర్తు లేదు. కొత్తగా ఏం చెప్పినా తలలో నిలవదు. ఉన్నట్టుండి కోపం, ఉన్నట్టుండి ఏడుపు.

సాయంత్రమైతే వాకిట్లో నిలబడతాడు. "కీర్తి ఇంకా రాలేదే, శాంతా?"

అతని భార్య శాంతకుమారి బడిపంతులమ్మ. అబద్ధం చెప్పదు. చనిపోయిందని చెబుతుంది. అప్పుడే విన్నట్టు అతను రోజూ కుప్పకూలిపోతాడు.

"యాల చెప్తావమ్మా రోజూ?" అంది పక్కింటి రెడ్డెమ్మ. "పాపం, ఇప్పుడు బ్రాందీ షాపు దిక్కు గూడా సూడ్డంల్యా."

"తెలియాల కదా."

మదనపల్లె డాక్టరు తల స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు. "గాయం మానిందమ్మా. ఇది మనసు జబ్బు. కుప్పంలో చూపించు."

కుప్పానికి నెలకొకసారి వచ్చే మనసు డాక్టరు రెడ్డెప్ప తల మీది మచ్చ వైపు చూశాడు. "ఇది తలదెబ్బ కేసు. మదనపల్లెకే పోండి."

"మదనపల్లె డాక్టరే ఈడికి పంపినాడు సార్."

"నన్నేం చేయమంటావమ్మా? తర్వాత ఎవరు?"

నర్సు జరీనా వరండాలోకి వచ్చింది. "ఎన్నిసార్లని తిరగతావక్కా? నేనైతే మా ఆయన తలకింత బామ్ రాసి పండబెట్టుంటా."

శాంతకుమారి నవ్వలేదు. "ఈయనకు గుర్తుండాల జరీనా. గుర్తుంటేనే వాడికి శిక్ష."

"ఎవురికి?"

"నా బిడ్డను చంపినోడికి."

తిరుగు బస్సులో పొద్దు వాలింది. కిటికీలోంచి బడిపిల్లలను చూసి రెడ్డెప్ప కీర్తి ఏదని అడిగాడు. ఆమె చెప్పింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. తర్వాత పళ్లు కొరికాడు.

"ఎవుడు వాడు? నీకు తెలుసునా?"

"తెలుసు."

"వదలొద్దు శాంతా."

"వదల్ను."

"ఒట్టు పెట్టు."

ఆమె అతని తల మీద, సరిగ్గా మచ్చ మీద, చెయ్యి పెట్టింది. "ఒట్టు."

"పేరు చెప్పు."

"ఈడొద్దు. ఇంటికి పోయినాక."

తాగి స్కూటరు నడిపి బిడ్డను చంపింది నువ్వేనని ఆమె ఇంటికి పోయాక ఎప్పటిలాగే చెప్పింది. తెల్లారేసరికి రెడ్డెప్ప ఎప్పటిలాగే మరిచిపోయాడు.