ముగ్గు పడని మూల

"ఆ ముసల్దాన్ని ఈడ్చుకు రండి!" కేశవయ్య అరిచాడు.

జెట్ విమానం చక్రాల చుట్టూ మళ్లీ సున్నపు ముగ్గు. మధ్యలో కుంకుమ పూసిన నిమ్మకాయ.

డోన్ దగ్గరి ఈ పాత ఏరోడ్రోంలో సర్కారు నిలవ ఉంచిన నాలుగు యుద్ధ విమానాలకు కేశవయ్యే బాధ్యుడు. ఎల్లుండి మద్రాసు నుంచి ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారు. ఒక్కదానికి దెబ్బ తగిలినా అతని ఉద్యోగం ఊడినట్టే.

మొదటి ముగ్గు పడ్డ వారమే ఒక విమానం టైరు పేలింది. రెండో ముగ్గుకు కాపలావాడు జ్వరంతో మంచమెక్కాడు. టైరు ఎండకు పేలిందని కేశవయ్య పైకి అన్నాడు గానీ, ఆ పూట నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

కూలీలు గిడ్డమ్మను తెచ్చి నిలబెట్టారు.

"సర్కారు విమానాలకే చేతబడి చేస్తావా?"

"సర్కారు విమానాలు నా చేన్లో ఉండాయి గదప్పా. యుద్ధం అయినాక చేను ఇస్తామంటిరి. పన్నెండేండ్లాయ. ఆ దిగులుతోనే మా ఇంటాయన సోమన్న సచ్చిపాయ. యాడిస్తిరి?"

"కంచె దాటిందని నీ మేకను కోయించాను. ఈసారి నిన్ను జైల్లో తోయిస్తా!"

"మేక అరిగిందా అప్పా?"

కేశవయ్య ఆమెను కంచె అవతలికి గెంటించాడు. తర్వాత మైదానమంతా కలియ తిరిగాడు. ఎటు చూసినా ముగ్గులే. పడమటి మూల ఒక్కటే శుభ్రంగా ఉంది. గడ్డి కూడా మొలవని నున్నటి నేల.

అతని ప్రాణం లేచొచ్చింది.

"అన్నిటినీ ఆ మూలకు లాగండి. ముందు పెద్దది!"

కూలీలందరూ గిడ్డమ్మ ఊరివాళ్లే. వాళ్లను నమ్మలేక, బ్రేకు పట్టడానికి తానే పైలట్ సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"అంత పొడుగు తాళ్లెందుకురా, ఈరన్నా?"

"శానా బరువు గద సామీ," అన్నాడు మేస్త్రీ చిన్న ఈరన్న. "దూరం నించి లాగితేనే సులువు."

విమానం కదిలింది. కంచె అవతల గిడ్డమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. దాని మంత్రం పారలేదని ఏడుస్తోంది కాబోలనుకుని కేశవయ్య మీసం దువ్వుకున్నాడు.

ముందు చక్రం నున్నటి నేల మీదికెక్కింది. కింద ఏదో డప్పులా మోగింది.

కూలీలు ఒక్కసారిగా తాళ్లు వదిలేశారు.

చేనంతా ముగ్గులేసిన గిడ్డమ్మ వదిలేసిన ఆ ఒక్క మూలే, యుద్ధకాలపు కంట్రాక్టరు పూడ్చకుండా పైన దూలాలు పరిచి మన్ను కప్పేసిన సోమన్న బావి.