నల్లసంచిలో రెండు చేతులు

పంచదారకి కావలసింది ఒకే ఒక్క నిమిషం. ఆ నిమిషంలో కెమెరాల దుకాణం పెద్దాయన రెండు చేతులూ ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోవాలి.

పంచదార అంటే టీలో వేసుకునేది కాదు, మనిషి. మాటల్లో తీపి కారుతుందని తోటి దొంగలు పెట్టిన పేరు. ఆ దుకాణం గాజు షోకేసులో ఉన్న వెండిరంగు పాతకాలపు కెమెరా మీద వాడి కన్ను పడి నెల దాటింది. అది చేతికొస్తే చాలు, అక్క ఇంట్లో బావ దెప్పుళ్ళు తింటూ పడి ఉండే ఖర్మ వదిలిపోతుంది. సొంతంగా గది తీసుకుని దర్జాగా బతకొచ్చు.

ఉపాయం దుకాణం గోడ మీదే దొరికింది. "నలభై ఏళ్ళు. ఒక్క ఫిల్మూ పాడుచేయలేదు" అని పెద్దాయన తన చేత్తో రాసి పెట్టుకున్న బోర్డు. దాని కింద వేలాడుతోంది ఓ నల్లసంచి. వెలుతురు తగలకుండా ఫిల్ము విప్పాలంటే అందులోకి రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చాలట. పని పూర్తయ్యేలోపు చేతులు బయటికి తీస్తే ఫొటోలన్నీ గోవిందా. ఆ సంగతి తెలిసిన రోజు పంచదార నక్క తోక తొక్కినంత సంబరపడ్డాడు.

చిక్కల్లా ఏడుపు దగ్గర వచ్చింది. ఫిల్ములో పోయిన అమ్మ ఫొటోలున్నాయని చెప్పాలి, చెబుతుంటే కళ్ళు చెమ్మగిల్లాలి. అమ్మ పక్కగదిలో నిక్షేపంగా ఉంది, అది వేరే సంగతి. వీడిదేమో పుట్టు నవ్వుముఖం. అక్క ఇంట్లో నిలువుటద్దం ముందు వారం రోజులు సాధన చేశాడు. నాటకంలో వేషం దొరికిందేమోనని అక్క తొంగిచూసి, ఒరేయ్, అది ఏడుపా తుమ్మా అని అడిగి పోయింది. అయినా వాడు పట్టు వదల్లేదు.

ఫిల్ము కూడా ఉత్తది పనికిరాదు. వాడనిదానికి కొస నాలుకలా బయటికి వేలాడుతుంది, పెద్దాయన ఇట్టే పసిగట్టేస్తాడు. అందుకని ఆ వారంలోనే బావ పాత కెమెరాలో ఫిల్ము వేసి, ముప్పై ఆరుసార్లూ నొక్కి, చుట్టేసి జేబులో వేసుకున్నాడు. ఏం తీస్తేనేం, ఎవరు చూడొచ్చారు గనక.

మధ్యాహ్నం దుకాణంలో జనం లేని వేళ చూసి వెళ్ళాడు. ఇంట్లోనే ఫిల్ము కడుక్కోవాలనుంది బాబాయ్, ఏమేం కొనాలో మీరే చెప్పాలి అన్నాడు.

పెద్దాయన ముఖం చాటంత అయింది. ఫిల్ము కడిగే ట్యాంకుల్లో స్టీలుది చేయి తిరిగినవాళ్ళకి, నీకు ప్లాస్టిక్‌ది చాలన్నాడు. థర్మామీటరు మాత్రం మంచిది తీసుకోమన్నాడు, రసాయనం వేడి కాస్త అటూ ఇటూ అయినా కొంప మునుగుతుందట. ఆరబెట్టడానికి క్లిప్పులు కూడా ఇవ్వమంటే, ఇంట్లో బట్టలకి పెట్టేవి లేవా అని కసిరాడు. కొంటానంటే వద్దనే దుకాణదారుణ్ణి పంచదార ఈ జన్మలో చూడలేదు. కాస్త జాలి కూడా వేసింది.

"ఒక్కసారి మీ చేత్తో చేసి చూపించండి బాబాయ్. మా అమ్మవి ఇవే ఆఖరి ఫొటోలు," అంటూ ఫిల్ము తీసి చేతిలో పెట్టి, ఏడుపు ముఖం పెట్టాడు. వారం రోజుల సాధన వృథా పోలేదు. పెద్దాయన ముక్కు ఎగబీల్చి, ట్యాంకునూ ఫిల్మునూ నల్లసంచిలో పెట్టి, జిప్పు లాగి, రెండు చేతులూ దూర్చాడు.

సంచిలో టిక్కుమని ఫిల్ము డబ్బీ మూత ఊడింది. పంచదార తాపీగా షోకేసు తెరిచి, కెమెరా తీసి మెళ్ళో వేసుకున్నాడు.

పెద్దాయన నోరు తెరుచుకుంది. భుజాలు అదిరాయి. కెమెరా వైపు చూశాడు, సంచి వైపు చూశాడు, గోడ మీది బోర్డు వైపు చూశాడు. చేతులు మాత్రం కదల్లేదు.

"వెళ్తూ ఆ తలుపు వేసి వెళ్ళు బాబూ," అన్నాడు. "గాలికి సంచి కదులుతోంది. కెమెరా పోతే పోయింది. మీ అమ్మ ఫొటోలు పాడైతే మళ్ళీ రావు."

పంచదార తలుపు దగ్గరగా వేసి మరీ వచ్చాడు. సందు మలుపు తిరిగాక కడుపు పట్టుకుని నవ్వాడు. సాధనలో ఎంతకీ రాని కన్నీళ్ళు అప్పుడు బొటబొటా కారాయి.

వారం ఆగి, ఊరికి ఆ చివరున్న ఇంకో కెమెరాల దుకాణానికి దాన్ని అమ్మకానికి పట్టుకెళ్ళాడు. మా తాతగారిదండీ అని నవ్వుతూ బల్ల మీద పెట్టాడు. దుకాణం నడిపే ఆవిడ కెమెరాను తిప్పి తిప్పి చూసింది. తర్వాత వాణ్ణీ ఎగాదిగా చూసింది.

"నవ్వుతుంటే పోల్చుకోలేకపోతున్నాను తమ్ముడూ," అంది, సొరుగులోంచి ఓ కవరు తీస్తూ. "ఒక్కసారి ఏడుపు ముఖం పెడతావా? పెద్దాయన దుకాణాలన్నింటికీ పంపిన ఫొటోలతో సరిచూసుకోవాలి."

ఆవిడ బల్ల మీద పరిచిన ముప్పై ఆరింటిలో ఒక్కటి కూడా పాడవలేదు. అన్నింట్లోనూ అక్క ఇంటి నిలువుటద్దం ముందు, బావ కెమెరా గుండెకి ఆనించుకుని, ఏడుపు నేర్చుకుంటున్నది పంచదారే.